మెర్సీ దస్తూరి

మెర్సీ హోల్‌రాయిడ్ పాళీని సిరాబుడ్డి అంచుకు రెండుసార్లు తట్టి, కొత్త వాక్యం మొదలుపెట్టబోయి ఆగిపోయింది. మేడ మీద మళ్ళీ టకటకలు.

మూడు రోజులుగా ఇదే గోల. లండన్ నుంచి అచ్చువాళ్లు టైపు మెషీన్ పంపారు, దానితోపాటు దాన్ని కొట్టే పిల్లనీ పంపారు. అంతవరకూ, ఇరవై రెండేళ్ల పాటు, ఆ ఇంట్లో మెర్సీ తప్ప ఎవరూ చెయ్యలేని పని ఒకటుండేది. పెద్దమ్మ కూతురు ఒక్టేవియా మేడ మీద గదిలో నవలలు రాస్తుంది. మెర్సీ కింద కిటికీ దగ్గర కూర్చుని వాటికి శుద్ధప్రతి తీస్తుంది. ఒక్టేవియా రాత అచ్చం కోడి కెలికినట్టుంటుంది. దాన్ని చదవగలిగేది భూమ్మీద మెర్సీ ఒక్కతే. నవలల మీద ఉండేది మగపేరు. ఆ పేరుగల దొరగారి దస్తూరి ముత్యాల్లా ఉందని అచ్చువాళ్లు ఒకసారి ఉత్తరం రాశారు. మెర్సీ ఆ ఉత్తరాన్ని బైబిల్లో దాచుకుంది, ఎవరికీ చూపించలేదు.

ఒక్టేవియా గది దాటి పదకొండేళ్లయింది. ఎవరినీ రానివ్వదు. ఏది కావాలన్నా చీటీ రాసి, నవల పేజీలతోపాటు తలుపు బయట ఇత్తడి పళ్లెంలో పెడుతుంది, మెర్సీ తీసుకుంటుంది. మెర్సీని కూడా గడప దగ్గరే నిలబెట్టి మాట్లాడుతుంది. అలాంటి మనిషి ఈ పిల్లని, నిన్న మొన్న పుట్టిన ఐవీ ట్రిమ్‌ని, లోపల కుర్చీ వేసి కూర్చోబెట్టింది. ఒక్టేవియా చెబుతుంటే పిల్ల కొడుతుంది. ఇక చదవడానికేముంది, ఎత్తి రాయడానికేముంది? మెర్సీకి మిగిలింది చేతిలో ఉన్న పదిహేడో అధ్యాయం. అందులోనూ నాలుగు పేజీలు.

నిన్న పైనుంచి నవ్వు కూడా వినపడింది. ఒక్టేవియా నవ్వు.

"చేతులకి సిరా వదులుతుందిలెండి ఇంక, మిస్ మెర్సీ," అంది వంటమనిషి బెట్టీ, టీ తెచ్చి పెడుతూ. "పెళ్లికూతురి చేతుల్లా తయారవుతాయి."

"నీ రొట్టె మాడుతోంది, వెళ్లి చూసుకో."

"రొట్టె కాదమ్మా మాడే వాసన," అని బెట్టీ నవ్వుకుంటూ పోయింది.

మెర్సీ తన కుడిచెయ్యి చూసుకుంది. పాళీ ఒరుసుకుని మధ్యవేలు పక్కన గుంట పడింది. ఆ గుంటలో నలుపు ఎంత తోమినా పోదు. ఈ మధ్య చూపు కూడా మందగించింది, కాగితాన్ని ముక్కుకి ఆనించుకుంటే గాని అక్షరం ఆనదు. ఆ సంగతి ఒక్టేవియాకి తెలియదని ఆమె ధీమా.

పదకొండు గంటలకి ఐవీ మెట్లు దిగి వచ్చింది. చేతిలో పెన్సిలుతో నిండా గిలికిన కాగితం.

"పొద్దున పళ్లెంలో ఉందండి. నవలలోదే అనుకుంటా. ఒక్క ముక్క అర్థం కాలేదు. మీరు చదివి పెడితే కొట్టేస్తాను."

"పళ్లెం కూడా మీ చేతికొచ్చిందా?"

"నేనే పైన ఉంటున్నాను కదండీ, తీశాను."

"అయితే మీ మెషీన్నే చదవమనండి."

పిల్ల మొహం చిన్నబోయింది. కాగితం బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది.

మెర్సీ దాని వంక చూడనైనా చూడలేదు. చూస్తే చదవగలదు, అదే కదా కష్టం. చదివితే తానే మెట్లెక్కి, ఆ పిల్ల పక్కన నిలబడి, పాఠం అప్పజెప్పినట్టు చెప్పాలి. చచ్చినా చెప్పదు. చదివి చెప్పే దిక్కు లేక ఒక్టేవియా స్వయంగా కిందికి కబురు పంపాలి. మెర్సీ లేనిదే జరగదని ఒప్పుకోవాలి.

ఆ ఇంట్లో పనికిరాని చిత్తుప్రతుల్ని పొడవునా మడిచి పుల్లల్లా చేసి, చలిమంట పొయ్యి గట్టు మీద నీలం జాడీలో పెడతారు. పొయ్యిలోంచి కొవ్వొత్తికి మంట అందించడానికి అవే. మెర్సీ ఆ కాగితాన్ని రాత లోపలికి పోయేలా మడిచింది. మడత మీద మడత, గోటితో గట్టిగా నొక్కింది. జాడీలో పడేసి మళ్ళీ పాళీ అందుకుంది. మనసుకి కాస్త హాయిగా కూడా అనిపించింది.

రెండు దాటాక పైన చప్పుడు ఆగింది. ఆగడమే మంచిదనుకుంది. చాలాసేపటికి ఐవీ గుమ్మంలో కనిపించింది.

"మాట మధ్యలో ఆగిపోయారండి. ఆలోచిస్తున్నారనుకుని కూర్చున్నాను. ఎంతో సేపు కూర్చున్నాను." పిల్ల మేడ వైపు చూసింది. "ఆవిడ చేతులు చల్లగా ఉన్నాయి."

పదకొండేళ్ల తర్వాత మెర్సీ ఆ గడప దాటింది. ఒక్టేవియా కుర్చీలోనే ఉంది, శాలువా భుజం మీంచి జారి. మెర్సీ శాలువా సర్దింది. కళ్లు మూసింది. చావింటి ఆచారం ప్రకారం గోడ గడియారం ఆపింది. బెట్టీ ఇంట్లో తెరలన్నీ దించేసింది. పట్టపగలే ఇల్లు చీకటైపోయింది.

కొవ్వొత్తులు వెలిగించాలి. మెర్సీ కిందికి వచ్చి జాడీలో చెయ్యి పెట్టి, పైన ఏది తగిలితే అది తీసింది. పొయ్యిలో అంటించి, కొవ్వొత్తికి అందించి, మంటను వేళ్లతో నలిపేసింది. గోటితో ఎంత నొక్కినా కొత్త మడత కదా, చేతిలోనే కొంచెం విచ్చుకుంది. లోపల తన పేరు కనిపించింది.

కొవ్వొత్తి దగ్గరికి జరిగి, కాగితం ముక్కుకి ఆనించుకుని చదివింది.

"మెర్సీ, ఈ పిల్ల మంచిదే. కానీ రేపు బండెక్కించు. నీ కళ్లు మసకబారుతున్నాయని చూసి ఒప్పుకున్నాను గాని, ఆ చప్పుడులో నాకు వాక్యం రావడం లేదు. చెప్పే కాసేపూ నవ్వుతో సరిపెడుతున్నాను. కింద నీ పాళీ గీరుకుంటూ ఉంటేనే నాకు రాయబుద్ధవుతుంది. అక్షరాలు పెద్దవిగా రాస్తాను. గుండెల్లో బరువుగా ఉంది, ఈరోజు నువ్వు పైకి వచ్చి నా పక్కన"

తర్వాత అంతా మసి.

ఐవీ గుమ్మం దగ్గరే నిలబడి ఉంది. "అది చదవగలిగారా అండీ? నవలలోదేనా?"

మెర్సీ కాగితాన్ని బల్ల మీద పరిచి, పదిహేడో అధ్యాయం పక్కన పెట్టి, అరచేత్తో పదేపదే సాపు చేసింది. ఒక కొసన సిరాబుడ్డి బరువు పెట్టింది. అయినా కాలిన ఆ రెండో కొస తాను నొక్కిన మడత దగ్గరే పైకి లేస్తూ ఉంది.