మానిపండ్ల కొత్తలు

నాకు బురదంటే అసహ్యం. వ్యవసాయ విస్తరణ అధికారి నోటి నుంచి రావలసిన మాట కాదని తెలుసు. కానీ కాలివేళ్ల సందుల్లోంచి చల్లగా ఉబికే ఆ బురద, పిక్కకు అంటుకున్న జలగ, మురిగిన నీటి వాసన గుర్తొస్తే కోరుట్లలో మా ఇంట్లో మంచం మీద కూర్చుని కూడా కాళ్లు ముడుచుకుంటాను. ఉద్యోగం వచ్చింది, చేరాను. పొలంలో దిగకుండా ఎలా నెట్టుకురావాలో ఆరు నెలల్లో నేర్చుకున్నాను.

కథలాపూర్ మండలంలో నా కింద ఉన్న ఒక ఊళ్లో రాజనర్సుకు మూడెకరాల వరి ఉంది. సెప్టెంబరులో ముసురు పట్టినప్పుడు అది పొట్ట మీద ఉంది. కంకి ఇంకా ఆకు మడతలోనే ఉండే ఆ కొద్ది రోజుల్లోనే, గింజల చోట పసుపు ముద్దలు కట్టే మానిపండు తెగులుకు మందు కొట్టాలి. కంకి బయటపడ్డాక ఏం కొట్టినా దండగే. జగిత్యాలలో చదివేటప్పుడు ఈ ప్రశ్నకు జవాబు రాసి మంచి మార్కులు తెచ్చుకున్నాను.

రాజనర్సు మూడుసార్లు ఫోన్ చేశాడు.

"మేడం, పోయినేడు గీ మడిలనే పసుపు ముద్దలు పడ్డయి. ఇప్పుడు మొగులు పట్టే ఉన్నది. ఒక్కపారి అచ్చి సూడరాదుండ్రి."

"ఫోటో పెట్టు కాకా, చూస్త."

పెట్టాడు. పచ్చగా, మసకగా ఏదో కనిపించింది. ఆయన పొలం దాకా బండి పోదు, అర కిలోమీటరు గట్ల మీద జారుకుంటూ నడవాలి. "మంచిగనే ఉంది, మందు ఇప్పుడే వద్దు. వారం ఆగు" అన్నాను. ఆగాడు. తెగులుకు కావలసిన వారం నేనే ఇప్పించాను.

అక్టోబరులో ఇక తప్పక వెళ్లాను. ఒక్కో కంకికి నాలుగైదు గింజల చోట ముద్దలు ఉన్నాయి. కొన్ని పసుపుపచ్చగా మఖమల్ గుడ్డలా నునుపుగా ఉన్నాయి, కొన్ని అప్పటికే పగిలి నల్లబడుతున్నాయి. ఒకదాన్ని వేలితో తాకితే మెత్తగా నలిగి, ఆ పొడి గోరు సందులోకి పోయింది. దుపట్టాకు తుడుచుకుంటే దుపట్టా పాడైంది. గింజను తినేసి, గింజకంటే లావుగా బలిసి కూర్చుంది అది.

రాజనర్సు నా మొహం చూస్తూ నిలబడ్డాడు. "ఏంది మేడం, మందు కొట్టే యాల్ల తప్పిందా?"

అవునని ఒప్పుకుంటే అక్కడితో అయిపోయేది, ఒప్పుకోలేదు. "పంట మంచిగున్న యేడే గివి పడుతయని మీ పెద్దోళ్లు అంటరు గదా కాకా. గట్లనే అనుకో" అన్నాను నవ్వుతూ, చదువుకున్న నోటితో.

ఆయన మొహం విప్పారింది. "గదే మేడం! మా అవ్వ సుత గట్లనే అంటుండె."

అప్పుడు నాకు సిగ్గు వేయాల్సింది. గండం గడిచిందనిపించింది. ఇంటికొచ్చి సబ్బుతో మూడుసార్లు చేతులు కడుక్కున్నాను.

నెలాఖరుకు కోతలయ్యాయి. కొత్తలకు రమ్మని రాజనర్సు ఫోన్ చేశాడు. అంటే కొత్త బియ్యం వండి, ఇంటిల్లిపాదీ మొదటి ముద్ద తినే రోజు. "మీ మాటతోని ధైర్నమచ్చింది మేడం, మీరు రాకుంటె ఎట్ల?" అన్నాడు. సాకు కోసం చాలా వెతికాను, దొరకలేదు.

వాకిట్లో వడ్ల కుప్ప మసి పట్టినట్టుంది. కుప్ప తిప్పే పార మీద, రాజనర్సు కనుబొమ్మల మీద అదే పొడి. "మీరు తినరని కోడిని కొయ్యలే మేడం. చిక్కుడుకాయ వండినం" అని పీట వేసి కూర్చోబెట్టాడు. పళ్లెంలోని అన్నం, గిన్నెలు కడిగిన నీళ్ల రంగులో ఉంది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాను. రుచి మామూలుగానే ఉందేమో, నాకు మాత్రం ఆ రోజు గోటి సందులోకి పోయిన పొడే నాలుక మీద మెదిలింది.

అప్పుడే రాజనర్సు అక్క పోశవ్వ వచ్చి నా ఎదురుగా కూర్చుంది. ఆమె చేతిలో సీలు తీయని మందు డబ్బా ఉంది.

"చెరువు నీళ్లు ఆలస్యంగ అచ్చినయి బిడ్డా, నా రెండెకరాలు ఇంక పొట్ట మీదనే ఉన్నయి. మందు తెచ్చిన గని, ముద్దలు పడుడు మంచిదని నువ్వన్నవట గదా, తమ్ముడు జెప్పిండు. రేపు దుకాణంల వాపస్ ఇచ్చత్త."

నోట్లో ముద్ద అలాగే ఉండిపోయింది. ఉమ్మేయాలనిపించింది, అన్నాన్ని కాదు, నన్నే. బలవంతంగా మింగాను.

"వాపస్ ఇయ్యకు అవ్వా, కొట్టు. గది మంచిది కాదు, తెగులు. కాక పిలిచిన్నాడు నేను పొలంకాడికి రాలె. తప్పిచ్చుకునేటందుకు గట్లన్న."

వడ్డిస్తున్న రాజనర్సు గంటె పట్టుకుని ఆగిపోయాడు.

"నేను ఫోన్ జేసిన్నాడే మందు కొడితె ఆగుతుండెనా?"

"చానమట్టుకు ఆగుతుండె కాకా."

తిట్టుంటే బాగుండేది. ఆయన తిట్టలేదు. పోశవ్వే డబ్బాను ఒళ్లోకి లాక్కుని అంది: "రేపు పొద్దుగాల నువ్వు రావాలె. చెప్పులిడిసి మడిల దిగాలె. నువ్వు సూసినంకనే కొడుత."

తలూపి లేవబోయాను. రాజనర్సు వచ్చి నా పళ్లెంలో ఇంకో గంటెడు అన్నం వేశాడు.

"కూసోండ్రి మేడం, తినుండ్రి. మాకు ఏడాదంత గిదే."