గేరు లేని కారు

కస్తూరమ్మ ఎక్కి కూర్చోనిదే ఆ ఇంటి వాకిట్లోకి ఏ బండీ రాలేదు. మిర్యాలగూడలో రైసుమిల్లు పెట్టిన ఏడాది కొన్న పాత లారీ మొదలుకొని ట్రాక్టరు, స్కూటరు, తవుడు బస్తాలు మోసే ఆటో దాకా అన్నిటికీ అదే వరస. బేరం ముగిసేముందు ఆమె ఒకసారి ఎక్కి కూర్చుంటుంది. మనసుకు పడితే సరే, పడకపోతే బండి వెనక్కే. ఆమె భర్త నాగేశ్వర్ రావు పెట్టిన ఆనవాయితీ అది. ఆయన పోయి పదమూడేళ్లయినా కొడుకు శ్రీధర్ దాన్ని తప్పలేదు.

అందుకే కార్తీకమాసంలో, మిల్లు ముందు ధాన్యం ట్రాక్టర్లు బారులు తీరిన రోజుల్లో, శ్రీధర్ వచ్చి "అమ్మా, కోదాడ దాకా పోదాం పా. కారు మారుస్తున్న" అనగానే ఆమె చీర మార్చుకొని బయల్దేరింది.

శ్రీధర్‌కు నలభై నాలుగేళ్లు. పేకాట ఎరగడు, తాగుడు ఎరగడు. ఉన్న పిచ్చల్లా ఒకటే, నేలకు రాసుకుంటూ బాణంలా పోయే ఇద్దరు మనుషుల కారు. కొత్తది కొనడు. హైదరాబాదులో ఏ షోకిలానో రెండేళ్లు నడిపి మోజు తీరాక అమ్ముకున్నదాన్ని వెతికి పట్టుకుంటాడు. ఇప్పుడున్న ఎర్రకారు అట్లా వచ్చిందే. దాని వాలకం చూసి మిల్లు హమాలీలు "సేటు చెప్పు" అని పేరు పెట్టారు. సేటు చెప్పు వచ్చిందంటే సేటు వచ్చాడని అర్థం.

అందులో కూర్చోవడమంటే కస్తూరమ్మకు దిగుడుబావిలోకి దిగడమే. ఒక చేత్తో తలుపు, ఒక చేత్తో కొడుకు భుజం పట్టుకొని, "రామ రామ" అనుకుంటూ దిగబడింది.

గరిడేపల్లి దాటేదాకా సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి ఉంది. శ్రీధర్ మెల్లగా పోనిచ్చాడు. ధాన్యం కుప్పలు అయిపోయి రోడ్డు ఖాళీ అయినా వేగం పెంచలేదు, గేరు మార్చలేదు. నలభై ఏళ్లు మిల్లు మోటార్ల చప్పుడు విన్న చెవి ఆమెది. బెల్టు కాస్త జారినా వంటింట్లోంచి కనిపెట్టేది.

"గేరు మార్చరాదురా, పాపం బండి మూలుగుతున్నది."

"నీకు కుదుపులొస్తయని మెల్లగ పోతున్న."

ఆమెకు సంతోషం కలిగింది. సంతోషం వెంటే భయమూ కలిగింది. ఆమెకు ఏ సంతోషమూ ఒంటరిగా రాలేదు ఎన్నడూ. ఎవరైనా తనతో మరీ మెత్తగా మాట్లాడితే, ఏదో దాచిపెడుతున్నారేమోనని లోపల ఎక్కడో గుబులుగా ఉండేది. దానికి కారణం లేకపోలేదు. నిడమనూరులో ఆమె తండ్రి పోయినప్పుడు "జర ఒంట్లో బాగలేదట, చూసొద్దాం పా" అని మరిది బస్సెక్కించాడు. దారి పొడుగునా ఆమె తండ్రికి ఇష్టమైన నిమ్మకాయ పచ్చడి సీసా ఒళ్లో పెట్టుకొని కూర్చుంది. ఊరి మొదట్లో దిగేసరికి చితి ఆరిపోవచ్చింది. ఈ ప్రాంతంలో చావు కబురు ఎవరికీ సూటిగా చెప్పరు. దయతోనే చెప్పరు. ఆ దయ వల్ల ఆమె ఏ ఒక్కరినీ సరిగ్గా సాగనంపలేదు.

కోదాడలో హైవే పక్కన సతీష్ కార్ల దుకాణం. ముప్పై కార్లు ఎండలో మెరుస్తున్నాయి. సతీష్ ఎదురొచ్చి చేతులు జోడించాడు.

"రండమ్మగారూ! మీరు కూర్చుంటేగానీ మా బండికి విలువ లేదంటగా. రెండు ఉంచానండి. ఒకటి పచ్చది, ఒకటి బూడిదరంగుది. మీ చేతుల్లో పెట్టా."

"చేతుల పెడితే ఏం లాభం బాబూ, మోకాళ్లల్ల పెట్టాలె" అంది కస్తూరమ్మ. సతీష్ పకపకా నవ్వాడు.

ఆమె రెండింటిలోనూ కూర్చుంది. రెండూ నేలబారువే. పచ్చది గేర్ల బండి. దాని తలుపు తీస్తున్నప్పుడు శ్రీధర్ చెయ్యి ఒక్క క్షణం దాని నడుం మీద ఆగడం ఆమె చూసింది. చిన్నప్పుడు బొమ్మల దుకాణం ముందు ఆగినట్టే ఆగాడు. కానీ మాట్లాడింది మాత్రం బూడిదరంగుదాని గురించి. జేబులోంచి కాగితం తీసి చదివాడు. గేర్లు ఉండొద్దు. చేతిబ్రేకు లాగేది కాక బటన్ ఉండాలి. స్పీడు బ్రేకర్ దగ్గర ముందు భాగం పైకి లేచే ఏర్పాటు వేయించాలి. తలుపుల పైన పట్టుకొని లేవడానికి గట్టి పిడి కావాలి. పెద్ద చక్రాలు వద్దు, చప్పుడు చేసే సైలెన్సరు వద్దు.

సతీష్ నోరు వెళ్లబెట్టాడు. "ఏంటి సార్ ఇది! పోయినసారి గేర్లు లేని బండి ముసలాళ్లు ఎక్కే లిఫ్టులాంటిదన్నారు. ఇప్పుడు మీరే లిఫ్టు అడుగుతున్నారేంటి?"

"అమ్మకు మోకాళ్లు బాగలెవ్వు" అన్నాడు శ్రీధర్ కాగితం మడుస్తూ. "ఆమెను తిప్పాలె. అందుకే."

కస్తూరమ్మ పచ్చకారు వైపు చూసింది. కొడుకు తన కోసం ఇష్టాన్ని చంపుకుంటున్నాడు. డెబ్బయ్యేళ్ల మనిషి ఇంకా ఎన్నేళ్లు తిరుగుతుంది? తను పోయాక వాడు ఆ లిఫ్టులో కూర్చొని తన మోకాళ్లను తలుచుకోవాలా?

"శ్రీధరా, నా కోసమైతే వద్దు. నీకు ఆ పచ్చదే నచ్చింది."

"లేదమ్మా, ఇదే మంచిగుంటది."

"నాకు తెల్వదారా నీ మొఖం? పచ్చది నడిపి చూడు, నేను పక్కన కూసుంట."

"వద్దంటున్న కదా" అన్నాడు శ్రీధర్, కొంచెం గట్టిగానే. సతీష్ వినీ విననట్టు పక్క కారు అద్దం తుడవసాగాడు.

అప్పుడు ఆమె ఆ ఇంట్లో ఎవరూ కాదనలేని మాట అనేసింది. "ఈ బూడిదది నాకు మనసున పడలే."

ఆ మాట వచ్చాక ఇక బేరం లేదు. ఆమె భర్త ఉన్నప్పుడు ఆ ఒక్క మాటకు లారీ వెనక్కి పోయింది. శ్రీధర్ కాగితం జేబులో పెట్టి, సతీష్ చేతిలోంచి పచ్చకారు తాళం తీసుకున్నాడు. కస్తూరమ్మ మనసులో తేలికైంది. కొడుకుకు తను చేసిన మేలు ఇదొక్కటైనా చాలనుకుంది.

కారు హైవే ఎక్కి సూర్యాపేట వైపు మళ్లింది. మొదటి రెండు గేర్లు బాగానే పడ్డాయి. శ్రీధర్ నుదుటి మీద చెమట పట్టింది.

"ఏసీ పెట్టుకోరా."

"పెట్టిన్నే."

నాలుగు కిలోమీటర్లు పోయాక వెనక్కి తిరగడానికి రోడ్డు మధ్య సందు దగ్గర కారు ఆపాడు. అటు పక్క ఖాళీ కాగానే ముందుకు తీశాడు. ఎడమపాదం క్లచ్చు మీంచి జారింది. కారు ఎగిరిపడి, రోడ్డుకు అడ్డంగా ఆగిపోయింది. సిమెంటు లారీ ఒకటి హారన్ మోగిస్తూ వచ్చి, వాళ్లకు పది గజాల దూరంలో టైర్లు కీచుమనిపిస్తూ నిలబడింది.

"తియ్యిరా!" అని అరిచింది కస్తూరమ్మ.

శ్రీధర్ మళ్లీ ప్రయత్నించాడు. పాదం లేవలేదు. అప్పుడతను కిందికి వంగి, ప్యాంటు గుడ్డ మోకాలి దగ్గర పిడికిట పట్టుకొని, ఎడమకాలిని చేత్తో ఎత్తి క్లచ్చు మీద పెట్టాడు. మోకాలి మీద చేత్తో అదిమి తాళం తిప్పాడు. కారు కుంటుకుంటూ రోడ్డు దాటి పక్కన మట్టిలో ఆగింది. లారీ డ్రైవరు ఒక బూతు విసిరి వెళ్లిపోయాడు.

ఆమె ఇక లారీని చూడలేదు. బూతు వినలేదు. కొడుకు పిడికిట్లో నలిగిన ప్యాంటు మడతనే చూస్తూ ఉండిపోయింది.

"మీ నాయన గిట్లనే పంచె పట్టుకొని కాలు గడప దాటించెటోడు" అంది చివరికి.

శ్రీధర్ ప్యాంటు గుడ్డ వదిలి, మడత సవరించుకున్నాడు.

"ఎన్నాళ్లయిందిరా?"

"ఏందమ్మా?"

"నన్ను బయట కూసోపెట్టకు శ్రీధరా. ఎన్నాళ్లయింది?"

"ఉగాది నుంచి."

ఎనిమిది నెలలు. ఆమె వేళ్ల మీద లెక్కపెట్టి, చెయ్యి ఒళ్లోకి దించింది.

"ప్రీతికి తెలుసా?"

"తెలుసు. హైదరాబాదు తీస్కపోయిందే ఆమె."

కోడలి మీద కోపం తెచ్చుకోవాలని చూసింది. రాలేదు. భార్యకు తెలియడం న్యాయమే. తనకే ఆ న్యాయం జరగలేదు.

"మిల్లుల?"

"బీరప్ప మేస్త్రీకి తెలుసు. మెట్ల మీద పడ్డప్పుడు లేపింది ఆయనే."

"అంటే నాకొక్కదానికే తెల్వదు."

"నాయన పోయినప్పుడు నువ్వు మూణ్నెల్లు మంచం దిగలే అమ్మా. మళ్ల నాయనకొచ్చిందే నాకొచ్చిందని నీ మొఖం చూసి ఎట్ల చెప్పాలె?"

"చెప్పకపోతే రాకుండ పోయిందా?" ఆమె గొంతు పెరగలేదు. "సూర్యాపేట దవాఖానల డాక్టరు చిన్న సుత్తెతోని మీ నాయన మోకాలు కొట్టి చూసి, నన్ను బయట కూసోమన్నడు. మీ బాబాయి, నువ్వు లోపలున్నరు. బయటికొచ్చి నరాల బలహీనత అన్నరు. నాలుగేండ్లు నేను బాదంపాలు కాచి పోసిన. ఆ జబ్బు పేరు నాకు ఆయన దినాలనాడు తెలిసింది. రాత్రిళ్లు ఆయన నా చెయ్యి పట్టుకొని ఏదో చెప్పబోయెటోడు. నేను 'ముందు తాగు, తాగు' అని గ్లాసు నోటికి పెట్టెదాన్ని. ఏం చెప్పాలనుకున్నడో, పోతున్నానని ఎన్నిసార్లు అనబోయిండో నాకిప్పటికి తెల్వదు."

శ్రీధర్ స్టీరింగు మీద తల ఆనించాడు. భుజాలు కదిలాయి. ఆమె అతని వీపు మీద చెయ్యి వేసి, కదపకుండా ఉంచింది. రోడ్డు మీద బస్సులు పోతుంటే కారు ఊగుతోంది.

కొంతసేపటికి అతను తలెత్తకుండానే అడిగాడు. "డాక్టర్లు ఎంతమంది చెప్పినా అర్థమైతలేదమ్మా. నువ్వైతే చూసినవ్. నాయనకు రెండోకాలు ఎప్పుడు పోయింది?"

కస్తూరమ్మ నోటిదాకా ఒక మాట వచ్చింది. అందరికీ ఒక్కతీరు ఉండదు బిడ్డా, నీకేం గాదు. బస్సులో మరిది చెప్పిన మాటలాంటిదే అది. దయగల మాట. ఆమె దాన్ని మింగేసింది.

"ఏడాదిన్నరకు" అంది.

"చేతులు?"

"ఇంకో ఏడాదికి. కుడిది ముందుగాల. నీకు గదే తీరుగ వస్తదని నేను చెప్పలేను. కానీ ఆయనకు అట్లనే వచ్చింది."

శ్రీధర్ తలెత్తి ముఖం తుడుచుకున్నాడు. ఎనిమిది నెలల్లో మొదటిసారి ఎవరో తనకు సూటిగా జవాబు చెప్పినట్టు తల ఊపాడు. తర్వాత సతీష్‌కు ఫోన్ చేసి, బండి తిప్పుకుపోవడానికి ఎవరినైనా తీసుకురమ్మన్నాడు.

దుకాణానికి తిరిగొచ్చాక కస్తూరమ్మ కుర్చీలో కూర్చోలేదు. నేరుగా బూడిదరంగు కారు దగ్గరికి నడిచింది.

"ఇది కావాలె సతీష్ బాబూ."

"ఇందాక మీరే మనసున పడలేదన్నారు కదమ్మగారూ!"

"తప్పు చెప్పిన. ఇన్నేండ్లల్ల గా మాట వెనక్కి తీసుకున్నది ఇదొక్కసారే అనుకో." ఆమె కారు లోపలికి వంగి చూసింది. "కాలితో పని లేకుండ, బ్రేకు చేత్తోని వేసెటట్టు పెడ్తరా?"

సతీష్ ఒకసారి శ్రీధర్ వైపు చూసి, నవ్వు ఆపేశాడు. "హైదరాబాదులో చేసేవాళ్లున్నారండి. బ్రేకు, యాక్సిలరేటరు రెండూ చేతికి తెస్తారు. బండి కాగితాల్లో కూడా రాయించుకోవాలి."

"రాయించు. పక్క సీటు బయటికి తిరిగి, కొంచెం లేచెటట్టు?"

"అదీ ఉందండి. మీ మోకాళ్లకు అదే మంచిది."

"నాకు కాదు" అంది కస్తూరమ్మ.

సతీష్‌కు అర్థం కాలేదు. శ్రీధర్‌కు అయింది. తను ఇన్నాళ్లూ రాసుకున్న కాగితంలో స్టీరింగు ముందు కూర్చునే మనిషి గురించి తప్ప పక్క సీటు గురించి ఒక్క మాట లేదు. అక్కడ తను కూర్చునే రోజు వస్తుందని తెలిసీ దాని దాకా పోలేకపోయాడు.

"అప్పుడు నడిపేదెవరమ్మా?"

"ప్రీతి నేర్చుకుంటది. గేర్లు లేనిదే కదా, ఎంత సేపు? ఆమెకు తీరకపోతే నేనే నేర్చుకుంట."

"నువ్వా! మిల్లు గోడ కూలగొడ్తవ్" అన్నాడు శ్రీధర్. నవ్వాడు కూడా. ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. "పెట్టించు సతీష్. పక్క సీటు కూడా."

సతీష్ పుస్తకం తీసి రాసుకున్నాడు. ఎర్రకారు అక్కడే వదిలిపెట్టి, దుకాణం మనిషి మిర్యాలగూడ దాకా దింపేటట్టు మాట్లాడుకున్నారు. రాసింది ఒకసారి పైకి చదివి వినిపించి, సతీష్ కలం మూత పెట్టాడు.

"నెలన్నర, రెండు నెలలు పడుతుందండి. సామాను రావాలి, ఆఫీసులో కాగితాలు తిరగాలి. మీకేం తొందర లేదు కదా సార్?"

శ్రీధర్ తల్లి వైపు చూశాడు. ఆమె అతని తరఫున ఏమీ చెప్పలేదు. చీర కొంగు భుజం చుట్టూ కప్పుకొని, వాడు ఏమంటాడా అని చూస్తూ నిలబడింది.

"తొందరే ఉన్నది సతీష్" అన్నాడు శ్రీధర్. "నాకు టైము ఎక్కువ లేదు."