వేడి పడ్డ బోరు

వడ్డేపల్లి పక్కన ఉన్న ఆ పల్లెలో బాలస్వామి బోరంటే నవ్వనివాళ్లు లేరు. చుట్టుపక్కల బోర్లలో ఎంతోకొంత నీళ్లు పడితే, ఆయన చేలో దుమ్ము లేచింది. పంతం పట్టి అందరికంటే లోతుకు వేయించాడు. దుమ్ము కూడా అందరికంటే ఎక్కువే లేచింది. అప్పటినుంచి దాని మూతిమీద బండరాయి పెట్టి, ఆ గట్టున నడవడమే మానేశాడు.

అలాంటి బోరుకు ఈ ఎండాకాలం ఎక్కడలేని మర్యాద వచ్చింది. భూమి లోపలి వేడితో కరెంటు తీయొచ్చేమో చూడటానికి సర్వేవాళ్లు వచ్చారు. ఎవరూ వాడని లోతైన బోర్లే వాళ్లకు కావాలట.

"జూరాల డ్యాంకు వరదొస్తేనే అక్కడ కరెంటు. కృష్ణలో నీళ్లు తగ్గితే మిషన్లు ఆగిపోతాయి. భూమి కింది వేడికి వానతో పనిలేదు" అని ఇంజనీరు సరిత పంచాయతీ ఆఫీసు ముందు అందరికీ చెప్పింది. వేడి బాగా ఉన్నచోట ఇంకా లోతుగా తవ్వి చూస్తారట. వేడిని కొలిచే తీగను బోర్లలోకి దింపే పని బాలస్వామి అల్లుడు రంజిత్‌ది. మామ బోరును కూడా చూడమని మేడంను బతిమాలింది అతనే.

అల్లుడు అంత చేశాక బోరు మళ్లీ పరువు తీస్తే? బాలస్వామికి అన్నం సహించలేదు.

ఇంట్లో కూతురు మాలతి బాలింత. ఆమె స్నానానికి భార్య జములమ్మ రోజూ తెల్లారకముందే వావిలాకు వేసి కాగు నిండా నీళ్లు మరిగిస్తుంది. కొలతలు తీసే రోజు ఆమె పసిబిడ్డను ఎత్తుకుని లోపలికి వెళ్లడం చూసి, బాలస్వామి ఆ నీళ్లు రెండు బిందెల్లోకి వంచి, కావడి వేసుకుని చేనికి నడిచాడు.

బోరు దగ్గర దానియేలు కాపలా ఉన్నాడు. కూలి పనులు దొరకని ఆ రోజుల్లో సర్వేవాళ్లు ఇచ్చిన పని అది.

"ఏందన్నా, గింత పొద్దుగాల?"

"గంగమ్మకు మొక్కున్నది. జర అటు పో."

పక్కవాళ్ల పూజకు అడ్డం నిలబడే మనిషి కాదు దానియేలు. గట్టు దిగి, అటు తిరిగి నిలబడ్డాడు. బాలస్వామి బండరాయి జరిపి బిందెలు బోర్లో కుమ్మరించాడు. మొక్కుకోలేదు. కనీసం ఆ అబద్ధాన్నైనా నిజం చేసి ఉండాల్సింది.

పొద్దెక్కేసరికి సగం ఊరు చేలో ఉంది. రంజిత్ తీగ దింపాడు. అంకెలు చూసి సరిత నొసలు చిట్లించింది. కిందికి పోయేకొద్దీ వరసగా పెరగాల్సిన వేడి ఎగిరెగిరి పడుతోంది. తీగ పైకి లాగితే, చివరి గుండు తడిసి ఉంది.

"బాలస్వామికి నీళ్లు పడ్డయిరో!" అని ఎవరో అరిచారు. అందరూ పగలబడి నవ్వారు.

సరిత నవ్వలేదు. "ఎవరో వేడినీళ్లు పోశారు. దానియేలూ, ఇక్కడికి ఎవరొచ్చారు?"

దానియేలు ఒక్కసారి బాలస్వామి వైపు చూసి తలదించుకున్నాడు. "తెల్వదు మేడం. నాకు కన్నంటుకుందేమో."

"అయితే ఇక నువ్వు పనికి రావద్దు."

చేలో దుమ్ము లేచిన రోజు కూడా బాలస్వామికింత సిగ్గు వేయలేదు.

గుండు తుడుస్తున్న రంజిత్ చేతికి ఉడికిన ఆకొకటి అంటుకుంది. వావిలాకు. ఆ వాసన అతనికి బాగా తెలుసు. ఊళ్లో బాలింత ఉన్నది ఒక్క ఇంట్లోనే. మామ ముఖం చూసి, ఆకును పిడికిట్లో నలిపేశాడు.

"మేడం, తప్పు నాది. తీగె కడిగి తుడవకుంటనే దింపిన. దానియేలును తీసెయ్యకండి."

బాలస్వామి ఇక ఆగలేకపోయాడు. భుజంమీది తువాలు తీసి చేతిలో పట్టుకున్నాడు.

"అల్లుడు చెయ్యలే మేడం. దానియేలు గూడ ఏం చెయ్యలే. నేనే పోసిన."

"ఎందుకు పెద్దాయనా?"

"నీళ్లెట్లాగూ పడలే. వేడన్న పడ్డదనిపించుకుందామని."

ఈసారి ఎవరూ నవ్వలేదు. సరిత కోప్పడి ఉంటే బాగుండేది. "నిజంగా వేడి ఉందో లేదో ఇప్పుడు చెప్పలేను. బోరులో వేడి మళ్లీ కుదుటపడేదాకా ఆగడానికి మాకు వీల్లేదు. రేపు తిమ్మాజిపేట పోతున్నాం" అని మెల్లగా చెప్పి, బోరు పేరు కొట్టేసింది. రంజిత్ తీగ చుట్టుకుని, మామతో మాట్లాడకుండానే జీపెక్కాడు.

అందరూ వెళ్లిపోయాక బాలస్వామి బండరాయిని ఒక్కడే జరపబోయాడు. దానియేలు వచ్చి రెండోవైపు పట్టుకున్నాడు.

"తిట్టు దానియేలూ. చెప్పుతోటి కొట్టు."

"నాకేం తెల్సన్నా. నువ్వు మొక్కుతున్నవనుకున్న. అటు తిరిగి, నీ బోరు బాగుండాలని నేను గూడ ప్రార్థన చేసిన."

బాలస్వామి చేతులు రాయిని వదిలేశాయి.