థంబవ్వ చరిత్ర

స్వర్ణలతకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఎక్కదా మరి! కోరుట్ల హరిప్రసాద్ పొద్దున్నే 'కిరికిరి అడ్డా' సర్వర్‌లో చరిత్ర అంటూ బారెడు వ్యాసం పెట్టాడు. అందులో మూడో భాగం పేరు 'థంబవ్వ జననం'. "నాలుగేళ్ల కింద సిరిసిల్లలో ఒక అవ్వ సంబురంగా బొటనవేలు ఎత్తి మనందరినీ దీవించింది" అని రాశాడు. దీవించిందట! ఆ అవ్వ స్వర్ణలత కన్నతల్లి విజయ. ఆ రోజు ఆమె ఎవరినీ దీవించలేదు. నోరు పగిలేలా తిట్టింది.

అసలు ఈ అడ్డా పుట్టిందే కరోనా రోజుల్లో. పాలిటెక్నిక్‌లో కలిసి చదివిన ముగ్గురు, సిరిసిల్ల స్వర్ణలత, కోరుట్ల హరిప్రసాద్, జగిత్యాల అరుణ్, ఇళ్లలో కూర్చుని ఏం తోచక డిస్కార్డ్ అనే చాటింగ్ యాప్‌లో ఒక సర్వర్, అంటే ఒక గ్రూపు, తెరిచారు. ఆగిపోయిన సాంచల మీద, అదే మరమగ్గాల మీద, ఒక మీమ్, మల్యాల స్టేజీ దగ్గర ఎప్పటికీ రాని బస్సు మీద ఒక మీమ్, పెళ్లిళ్లలో మటన్ ముక్క కోసం అలిగే బావల మీద పది. మన మాటలో మనం నవ్వుకోవడానికి ఒక జాగా, అంతే. ఇప్పుడు అందులో పదకొండు వేల మంది ఉన్నారు. ఏ గొడవ తేలాలన్నా అక్కడ ఓటు పెడతారు, ఓటుకు ఉన్నది ఒకటే గుర్తు. విజయ మొహం, పైకెత్తిన బొటనవేలు, గోరంత బొమ్మ. దాని పేరే థంబవ్వ. దాన్ని నొక్కితే ఓటు పడ్డట్టు.

ఆ వేలి సంగతి వాళ్లలో ఎవడికి తెలుసు? విజయ ఇరవై ఐదేళ్లుగా సాంచలకు నూలు కండెలు చుడుతోంది. నూలు పోగు రాసుకుని రాసుకుని బొటనవేలి మీద గీతలన్నీ అరిగిపోయాయి. రేషన్ షాపులో మిషన్ మీద మూడుసార్లు వేలు పెట్టింది, మూడుసార్లూ మిషన్ కాదంది. "నువ్వే విజయవని ఏం గ్యారంటీ? పక్కకు జరుగు" అన్నాడు డీలర్. విజయ ఆ వేలు తీసుకెళ్లి వాడి మొహం ముందు పెట్టింది. "గిది నా ఏలు గాదా? నేను బతికి లేనా? నీ మిషిన్ల నేను లేకుంటే ఊళ్లె గూడ లేనట్టేనా?" అని అరిచింది. అప్పుడే పక్కనున్న స్వర్ణలత ఫోన్ తీసి ఫొటో కొట్టింది. సిగ్గేసిందో, నవ్వొచ్చిందో ఆమెకే తెలియదు. ఇంటికొచ్చి డీలర్‌ను, మిషన్‌ను బొమ్మలోంచి కోసేసింది. తల్లిని ఒక్కదాన్నే ఉంచి, కింద 'ఓకే బాస్' అని రాసి అడ్డాలో పడేసింది. అప్పుడక్కడ ఉన్నది అరవై మంది. నవ్వి మరిచిపోతారనుకుంది.

ఎక్కడ మరిచారు! ఈ ఆదివారం జగిత్యాలలో అడ్డా వాళ్లందరూ ఒక హాల్లో కలుస్తున్నారు. అందరికీ థంబవ్వ బొమ్మతో అంగీలు. కోరుట్లలో హరిప్రసాద్‌కు ఫ్లెక్సీలు, అంగీల మీద బొమ్మలు అచ్చువేసే దుకాణం ఉంది, అక్కడే అచ్చవుతున్నాయి. ఇన్నాళ్లూ విజయ చేతిలో బటన్ ఫోన్ కాబట్టి ఏదీ ఆమె కంట పడలేదు. సోమవారం నుంచి ఆ మొహం సిరిసిల్ల వీధుల్లో కుర్రాళ్ల రొమ్ముల మీద తిరుగుతుంది. అమ్మ చూసేలోగా దాన్ని తీసేయించాలి. స్వర్ణలతకు ఇంకో ఆలోచన లేదు.

సర్వర్‌లో తనకున్న అధికారంతో బొమ్మను తీసేసింది. ఐదు నిమిషాల్లో హరిప్రసాద్ మళ్లీ పెట్టేశాడు. పైగా ఆమె అధికారం ఊడబీకి, ఓటింగ్ పెట్టాడు. 'థంబవ్వ ఉండాలా, పోవాలా?' పోవాలనేవాళ్లు కూడా ఆ వేలే నొక్కాలి! మధ్యాహ్నానికి ఉండాలని తొమ్మిది వందల వేళ్లు, పోవాలని ముప్పై ఒకటి. రేషన్ మిషన్ ఒక్కసారి కూడా ఒప్పుకోని వేలు ఇక్కడ తొమ్మిది వందల సార్లు చెల్లింది. ఫోన్ నేలకేసి కొట్టాలనిపించింది ఆమెకు. అరుణ్‌కు ఫోన్ చేస్తే "నన్ను నడుమల గుంజకు స్వర్ణ" అని పెట్టేశాడు.

శనివారం పనికి సెలవు పెట్టి కోరుట్ల బస్సెక్కింది. దుకాణంలో అడుగుపెట్టగానే బల్ల నిండా అమ్మ మొహమే, ఎరుపు మీద, నలుపు మీద, పసుపు మీద.

"అరేయ్ హరి, మా అమ్మను అంగీలెక్కిస్తవారా? సిగ్గు లేదా?"

"గరమెందుకైతున్నవ్? ఇష్టంతోటే గదా ఏసుకుంటుండ్రు. నెత్తిన పెట్టుకుంటుండ్రు ఆమెను."

"మీ అమ్మ బొమ్మ ఏసుకోపో! సంబురంగ దీవించిందని రాసినవ్, నీకు తెల్వదా ఆమె ఎందుకు ఒర్రిందో?"

హరిప్రసాద్ నింపాదిగా ఫోన్ తీసి నాలుగేళ్లు వెనక్కి జరిపాడు. స్వర్ణలత పేరు మీద ఆ బొమ్మ, కింద 'ఓకే బాస్', పక్కన నవ్వుతున్న నాలుగు ఎమోజీ మొహాలు. ఆ నాలుగూ పెట్టింది కూడా ఆమే.

"నాకు తెల్సింది గింతే. కోసింది నువ్వు, రాసింది నువ్వు. నేను చరిత్ర రాసిన."

"తప్పు జేసిన. తీయుమంటున్న గదరా!"

"ఇప్పుడది నీది గాదు, నాది గాదు. పదకొండు వేల మందిది."

వాడికి చీమ కుట్టినట్టయినా లేదు. వాణ్ని అక్కడే నాలుగు పీకాలనిపించింది. కానీ ఏ మాట అనబోయినా ఆ నవ్వు మొహాలు నాలుగూ అడ్డం పడ్డాయి. ఒక నల్ల అంగీ లాక్కుని బయటికొచ్చింది. బస్సులో దారి పొడవునా హరిప్రసాద్‌ను, అరుణ్‌ను, ఆ తొమ్మిది వందల మందిని తిట్టుకుంటూనే ఉంది. వేరేవాళ్ల నోట వినేకంటే తనే చెప్పేయాలని వేములవాడ దాటాక నిశ్చయించుకుంది.

ఇంటికొచ్చేసరికి విజయ కండెల మిషన్ ముందు ఉంది. స్వర్ణలత స్విచ్ ఆపి, అంగీ తల్లి ఒళ్లో పరిచింది. అడ్డా గురించి, ఓట్ల గురించి, రేపటి జగిత్యాల హాలు గురించి ఏదీ దాచకుండా చెప్పింది. విజయ అంగీ వైపే చూస్తూ విన్నది.

"నేనేనా గిది? రేషన్ షాపుకాడిదా?"

"అవునమ్మ."

"డీలరేడి మరి?"

"లేడమ్మ. బొమ్మల నువ్వొక్కదానివే."

"మరి నేనెవల్ని తిడుతున్న? గాలినా?"

హరిప్రసాద్ పేరు స్వర్ణలత నాలుక చివరిదాకా వచ్చింది. వాడి మీదికి నెట్టేస్తే అమ్మ నమ్మేస్తుంది కూడా. ఎంత కోపమున్నా, ఆ మాట నోరు దాటలేదు.

"నేనే కోసేసిన. నవ్వులాటకు పెట్టిన. గిట్లయితదనుకోలే. తిట్టమ్మ, నన్ను తిట్టు."

విజయ తిట్టలేదు. అరిగిన వేలితో అంగీ మీద తన మొహాన్ని ఒకసారి తుడిచి చూసింది.

"నువ్వు ఫోన్ తీసుడు నేను జూసిన బిడ్డ. డీలర్ గాడన్న మాటలన్నీ నా బిడ్డ ఫోన్ల పట్టుకుంటున్నది, రేపు ఆఫీసుల చూపిస్తది అనుకున్న. గందుకే ఏలు దించలే."