బల్ల వెనక కుర్చీ

మా ఆయన ఉద్యోగం చేసినంత కాలం కంపెనీలోకి మనుషుల్ని ఎంపిక చేసే పని చూసేవారు. రిటైరైన రోజున, తాను కూర్చున్న టేకు బల్లని కంపెనీ దగ్గర కొనుక్కుని మరీ ఇంటికి తెచ్చుకున్నారు. అప్పట్నుంచి మా ముందు గదే ఆయన ఆఫీసు. పాల ప్యాకెట్టు తెమ్మని చెప్పాలన్నా నేను బల్లకి ఇవతల నిలబడి చెప్పాల్సిందే.

ఈమధ్య, ఇద్దరికీ ఇంత ఇల్లెందుకని చిన్న ఇంటికి మారాలనుకున్నాం. అక్కడ పడగ్గది కాక ఉన్నది ఇంకొక్క గది. బల్ల వస్తే ఆ గదంతా బల్లే. రాకపోతే ఆ గది నాది. ఇన్నేళ్లుగా నా దేవుడు వంటింట్లో పప్పు డబ్బాల పక్కన సర్దుకుని ఉన్నాడు. నేను కళ్లు మూసుకుంటే చాలు, కుక్కరు కూస్తుంది. తలుపు వేసుకుని దేవుడితో నాలుగు మాటలు చెప్పుకోవాలని నా ఆశ. ఇది దురాశా అని ఆ దేవుణ్ణే అడిగాను. కుక్కరు కూసింది. ఏమన్నాడో వినపడలేదు.

మా అమ్మాయి బల్లకి ఫొటోలు తీసి, పాత సామాన్లు అమ్మే సైటులో పెట్టింది. "సరైన మనిషి వస్తే ఇచ్చేద్దాం" అన్నారు మా ఆయన. అక్కడే ఉంది తిరకాసు.

ముందు ఒక దర్జీ వచ్చాడు. మా ఆయన బల్ల వెనక కూర్చుని, కళ్లజోడు సర్దుకుని, ఎదుటి కుర్చీ చూపించారు.

"బల్లలతో మీకు అనుభవం ఎంత?"

"గుడ్డ కత్తిరించుకోవడానికండీ" అన్నాడు పాపం దర్జీ.

"ఐదేళ్ల తర్వాత ఈ బల్లని ఎక్కడ చూడాలనుకుంటున్నారు?"

"మా కొట్లోనే కదండీ!"

"సరే. తర్వాత కబురు చేస్తాం."

కొత్తగా కాపురం పెట్టిన జంట వచ్చింది. దీని మీద భోజనం చేస్తామన్నారు. వాళ్లకీ తర్వాతే కబురు.

"ఏవండీ, బల్ల అమ్ముతున్నారా, ఉద్యోగం ఇస్తున్నారా?" అన్నాను.

"నీకు తెలీదులే. అనుభవం లేనివాళ్ల చేతిలో పెడతామా?"

ఈ సంగతి చెబితే అమ్మాయి ఫోన్లో పకపకా నవ్వింది. "అమ్మా, బల్ల సంగతి తర్వాత. ముందు నాన్నని దాని వెనకనుంచి లేపు."

ఆ మాట నాకు పట్టుకుంది. ఇల్లు మారే వారంలో ఒక పెద్దావిడ వచ్చింది. హెడ్మాస్టరుగా చేసి రిటైరై, ఇంటి దగ్గర ట్యూషన్లు చెబుతోందట. మా ఆయన స్నానం చేస్తున్నారు. నేను ఆవిణ్ణి తిన్నగా తీసుకెళ్లి బల్ల వెనక కుర్చీలో కూర్చోబెట్టాను.

"ఇక్కడ కూర్చుని చూస్తేనే కదండీ తెలిసేది" అన్నాను. ఇందులో అబద్ధమేమైనా ఉందా?

ఆయన తల తుడుచుకుంటూ వచ్చి, తన కుర్చీలో ఇంకొకరిని చూసి గుమ్మంలోనే ఆగిపోయారు. ఆవిడ కళ్లజోడు పైనుంచి చూసింది.

"రండి, కూర్చోండి."

ఆయన కూర్చున్నారు. చొక్కా పై బొత్తాం కూడా పెట్టుకున్నారు.

"దీన్ని ఎందుకు వదిలేస్తున్నారు?"

"అంటే... మార్పు కోసమండీ."

"లోపాలేమైనా ఉన్నాయా?"

"ఎడమ సొరుగు కాస్త మొరాయిస్తుందండీ. కానీ బాగా కష్టపడుతుంది."

నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను.

ఆవిడ సొరుగులన్నీ లాగి చూసి లేచింది. "ఇంకో రెండు బల్లలు చూడాలి. సాయంత్రం చెబుతాను."

ఆయన మొహం వాడిపోయింది. "దీనికేం తక్కువట?" అని నా మీద విరుచుకుపడ్డారు. అన్నం సగంలో లేచారు. సొరుగుకి కొవ్వొత్తి రుద్ది, లాగి చూసి, మళ్లీ రుద్దారు. సాయంత్రం ఫోను మోగింది.

"ఏమోయ్! మనదే తీసుకుంటుందట! ఆ రెంటినీ కాదని మరీ!"

ఆవిడ మనుషులు వచ్చి బల్లని మోసుకుపోయాక గానీ ఆయనకి తెలివి రాలేదు.

"ఆవిణ్ణి నా కుర్చీలో కూర్చోబెట్టిందెవరు?"

"దేవుడే అనుకోండి" అని, మనసులో లెంపలేసుకున్నాను.

కొత్తింట్లో ఆ గదిలో పటం పెట్టుకుని, చాప పరుచుకున్నాను. మొదటి రోజే ఆయన పేపరు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు.

"గది మరీ బోసిగా ఉందే. ఆ మూల చిన్న బల్లేదైనా వేస్తే..."

నేను కళ్లు మూసుకుని పెదాలు కదిపాను. ప్రార్థనలో ఉన్న మనిషిని ఆయన పలకరించరు. కాసేపు చూసి, అడుగుల చప్పుడు కాకుండా వెళ్లిపోయారు.

నిజానికి నా ప్రార్థన అప్పటికే అయిపోయింది. దేవుడికి ఆ సంగతి తెలుసు. అయినా ఏమీ అనలేదు.