పూర్తిగా వినని పాట

నేనెవరిని? ఈ ప్రశ్న వేసుకున్నవారు ఇల్లు విడిచి కొండలెక్కారని చదివాను. నేను మాత్రం బోధన్ బస్టాండు ఎదుట, గులాం హోటల్లో, రోడ్డువైపు బెంచీ మీద కూర్చుని ఎనిమిదేళ్ళపాటు తడుముకోకుండా జవాబు చెప్పాను: నేను ఉస్తాద్ మనిషిని.

ఉస్తాద్ అంటే సినిమాల్లో పాడే ఒక గాయకుడు. బొంబాయిలో ఉంటాడు. నేనున్నానని ఆయనకు తెలియదు. మా సంబంధంలో లోపం అదొక్కటే.

పంతొమ్మిది వందల అరవైలో ధర్పల్లి నుంచి చక్కెర ఫ్యాక్టరీకి చెరుకు తూకం గుమాస్తాగా వచ్చినప్పుడు ఈ ఊళ్ళో నన్ను పేరు పెట్టి పిలిచేవారు లేరు. ఒక సాయంత్రం హోటల్లో ఒంటరిగా చాయ్ తాగుతుంటే, గడియారాలు బాగుచేసే ముష్తాక్ వచ్చి ఎదుట కూర్చున్నాడు. ఊరు, కులం, జీతం ఏదీ అడగలేదు.

"నువ్వెవల దిక్కు?" అన్నాడు.

ఏ గాయకుడి పక్షమని అడుగుతున్నాడని గ్రహించి, రేడియోలో ఆ క్షణాన వస్తున్న గొంతువైపు వేలు చూపించాను. మర్నాటి నుంచి నాకు కూర్చునే చోటు దొరికింది. ఆ క్షణాన మరొక గొంతు వస్తూ ఉంటే నా ఆత్మ మరొకటి అయ్యేది. ఈ సంగతి నాకు ఎనిమిదేళ్ళ తర్వాత గానీ తట్టలేదు.

మా శ్రోతల సంఘంలో పదమూడు మందిమి. ఉర్దూలో చదువుకున్నవాణ్ణి, దస్తూరి బాగుంటుంది కనుక నన్ను అధ్యక్షుణ్ణి చేశారు. ఉస్తాద్ పాటలు వేయమని కోరుతూ సిలోను రేడియోకు ఫర్మాయిషీ కార్డులు నేనే రాసేవాణ్ణి. "బోధన్ నుంచి రాజారాం" అని అక్కడి నుంచి వినిపించిన రోజు చెరుకు బండ్లవాళ్ళు తూకం కంటే ముందు నా ముఖం చూసేవారు. నేను ముఖాన్ని చూడనిచ్చేవాణ్ణి.

మరొక గాయకుడు ఉన్నాడు. ఆయన పేరు పలకడం మాకు నిషేధం, అవతలాయన అనేవాళ్ళం. ఆయన పాట మొదలైతే, చాయ్ సగంలో ఉన్నా కప్పు సాసరులో బోర్లించి, అందరం లేచి రోడ్డు మీదికి నడవాలి. పాట ముగిశాక తిరిగి రావాలి. చాయ్ పారబోతకు గులాం మొదట బాధపడ్డాడు. తిరిగి వచ్చాక మళ్ళీ చాయ్ చెబుతామని గ్రహించాక, అవతలాయన పాట రాగానే రేడియో శబ్దం పెంచడం నేర్చుకున్నాడు.

ఏది తాను కాదో ఒక్కొక్కటే తోసివేస్తూ పోతే చివరికి మిగిలేది తానేనని, నిజామాబాదు గ్రంథాలయం నుంచి తెచ్చుకున్న పుస్తకాల్లో చదివాను. నేను తోసివేసింది ఒక్కణ్ణే. మిగిలినదంతా నేనే అనుకున్నాను.

ఎనిమిదో ఏడు రేడియోలో అవతలాయన పాటలు ఎక్కువయ్యాయి. వాటిని తగ్గించమని స్టేషనుకు ఉత్తరం పంపాలని సంఘం తీర్మానించింది.

"గట్టిగ రాయి. సదివినోనికి అన్నం సైసద్దు" అన్నాడు ముష్తాక్.

ఆదివారం పొద్దున్నే రాశాను. 'ఆ గొంతులో మనసు లేదు' అన్న వాక్యం చాలా అందంగా కుదిరింది. ఉత్తరం జేబులో పెట్టుకుని, దాన్ని ఇవ్వడానికి ముష్తాక్ దుకాణానికి వెళ్ళేలోగా గడ్డం చేయించుకుందామని పోశన్న కటింగ్ దుకాణంలో కూర్చున్నాను. సగం గీశాడో లేదో, అతని రేడియోలో అవతలాయన మొదలుపెట్టాడు. నా కాళ్ళు అలవాటు కొద్దీ లేవబోయాయి.

"కదలకు సారు. గొంతు మీద కత్తున్నది."

"రేడియో బంద్ చెయ్యి, పోశన్న."

"ఒక చేతిల కత్తి, ఒక చేతిల నీ గదువ. ఏది ఇడువమంటవు?"

"అయితే జల్ది కానియ్."

"జల్ది చేస్తే రేపు కాంటా కాడ నీ జాగల ఇంకోడు కూసుంటడు."

కళ్ళు మూసుకున్నాను. అప్పుడు ఇంకా స్పష్టంగా వినిపించింది. మొదటి పంక్తి నాకు తెలుసు. ఎన్ని వందల సార్లు దాన్ని వదిలి లేచిపోయానో. రెండో పంక్తి ఎన్నడూ వినలేదు. అక్కడ ఆ గొంతు ఒక్కసారిగా తగ్గింది, పక్క గదిలో నిద్రపోతున్నవారు లేస్తారేమోనన్నట్టు. చివరి మాటకు ముందు ఆయన ఊపిరి తీసుకోవడం వినిపించింది. అంత దగ్గరగా ఎవరూ నాతో మాట్లాడలేదు.

"కోసుకున్నదా సారు? కండ్లల్ల నీళ్ళొస్తున్నయ్."

"సబ్బు."

"సబ్బు గదువకు పెట్టిన. కంటికి పెట్టలే."

బయటికి వచ్చాను. జేబులోని వాక్యం అబద్ధమని తెలిసింది; అంతకంటే హీనం, రాసేటప్పుడు అది అబద్ధమో నిజమో నాకు తెలియనే తెలియదు. అయినా దాన్ని పంపడం సులభం. పంపకపోతే ముష్తాక్ నాకు దూరమవుతాడు. ఈ ఊళ్ళో నన్ను మొదట పలకరించినవాడు. నేను ఎనిమిదేళ్ళు ప్రేమించింది ఉస్తాద్ గొంతునా, ఆ బెంచీనా? జవాబు దొరికేలోగా దుకాణం వచ్చేసింది.

ముష్తాక్ కంటికి అద్దం పెట్టుకుని ఒక గడియారంలోకి చూస్తున్నాడు. ఇద్దరు గిరాకీలు కాచుకుని ఉన్నారు.

"తెచ్చినవా?"

"తెచ్చిన. గని ఇయ్య."

"ఎందుకియ్యవు?"

"అవతలాయన పాట ఒకటి మొత్తం విన్న."

అద్దం తీసి బల్ల మీద పెట్టాడు. "ఎవలన్న బలిమికి ఇనిపిచ్చిండ్రా?"

"మొదలు బలిమికే. తర్వాత కాదు."

"నాల్గు దినాలల్ల తగ్గుతది. ఎవలకు సెప్పకు."

"నువ్వు ఎన్నడన్న మొత్తం విన్నవా, ముష్తాక్ భాయ్?"

"నేనెందుకింట?" అన్నాడు. కాసేపు గడియారం చక్రాలను అటూ ఇటూ జరిపాడు. తర్వాత తల ఎత్తకుండా, "గంతగనం ఏమున్నది దాంట్ల? సెప్పు. నువ్వు బుక్కులు సదువుతవు గద" అన్నాడు.

మాధుర్యం అన్నాను. లోతు అన్నాను. ఆర్తి అన్నాను.

"గివన్ని ఉస్తాద్‌కు రాసిన మాటలే."

నిజమే. నా దగ్గరున్న పొగడ్తలన్నీ పోస్టు కార్డుల మీద అయిపోయాయి. మిగిలిన దారి ఒక్కటే కనిపించింది. నాకు గొంతు లేదు. ఇంట్లో కూనిరాగం తీస్తే మా ఆవిడ విమలమ్మ "వాకిట్ల ఎవలో పిలుస్తున్నరు, సూడు" అంటుంది. గానానికి ఎనిమిదేళ్ళు దాసుణ్ణయి ఉండి, ఒక్క మనిషి ముందు ఒక్క చరణం పాడలేదు. గిరాకీలు ఇద్దరూ నన్నే చూస్తున్నారు.

పాడాలని నిశ్చయించుకున్నాను. దుకాణం మెట్టు మీద నిలబడి ఆ పాటే మొదలుపెట్టాను. మొదటి పంక్తిలోనే గొంతు చీలింది. ఆపకుండా, ముష్తాక్ ఎన్నడూ వినని రెండో పంక్తిలోకి వెళ్ళాను.