తొంభై తొమ్మిది బిళ్ళలు

“తొంభై తొమ్మిదే,” అన్నాడు సత్యారావు, మూడోసారి లెక్కపెట్టి. “వంద ఉండాలి. క్యూ బిళ్ళ లేదు.”

హాల్లో ఉన్న తలలన్నీ లహరి వైపు తిరిగాయి.

రెండు నిమిషాల క్రితం ఆమె నాలుగు పాయింట్ల తేడాతో గెలిచింది. డెలానీపూర్ తెలుగు సంఘం ఏటా పెట్టే ఇంగ్లీషు మాటల ఆటకి ఇవాళ ఫైనల్. అక్షరమూ దాని పాయింట్లూ ఉన్న బిళ్ళలు సంచిలోంచి ఏడేసి తీసి, ఎవరి స్టాండు మీద వాళ్ళు పెట్టుకుని, బోర్డు మీద మాటలు కట్టాలి. గెలిచినవాళ్ళు చెన్నై పోటీకి వెళ్తారు. వండూర్ జెట్టీలో టికెట్లు ఇచ్చే లహరి, ఒక బోటు వెళ్ళి ఇంకో బోటు వచ్చేలోపు రెండక్షరాల మాటలూ మూడక్షరాల మాటలూ బట్టీ పట్టింది. అలా రెండేళ్ళు. అదీ అర్థాలతో సహా. ఎందుకంటే జడ్జి సత్యారావు ఈ సంఘానికి ఒక సొంత రూలు పెట్టాడు: అర్థం చెప్పలేని మాట చెల్లదు.

“ఇందులో ఆలోచించేదేముంది?” అన్నాడు ధనరాజు, భుజం మీది ఆకుపచ్చ తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ. షాదీపూర్‌లో ఇళ్ళు కట్టే కాంట్రాక్టరు, మూడేళ్ళుగా ఛాంపియను, ఇవాళ లహరితో ఆడి ఓడినవాడు. “చివర్లో క్యూ చేతిలో మిగిలితే పది పాయింట్లు కట్. ఈ పిల్ల గెలిచింది నాలుగుతో. అందుకే చున్నీలో దాచేసింది. బస్, ఖతం.”

“భయ్యా, నోరు జాగ్రత్త!” అంది లహరి.

“అరవకండి,” అన్నాడు సత్యారావు. “నాలుగింటికల్లా చెన్నైకి పేరు పంపాలి. ఇప్పుడు మూడూ నలభై. బిళ్ళ దాచినట్టు తేలితే ఏడాది పాటు ఆట బంద్. పేరు ధనరాజుది వెళ్తుంది. లహరీ, ఏమంటావు?”

లహరి జవాబు చెప్పేలోపే వాళ్ళ మామ్మ అప్పలకొండమ్మ లేచి నిలబడింది.

“ఎవడ్రా ఆ దొంగ? చేతులు విరగ్గొట్టండి! పోయిన వారం నా పదో నంబరు టోకెను ఎత్తుకుపోయింది కూడా వాడే అయ్యుంటాడు!”

సంఘం హాలున్న వీధిలో కుళాయి మూడు రోజులకోసారి వస్తుంది. బకెట్ల దగ్గర తలలు పగలకుండా అప్పలకొండమ్మ చెక్క బిళ్ళల మీద నంబర్లు రాసి, లైనులో ఉన్నవాళ్ళకి పంచుతుంది. పని కాగానే టోకెను తిరిగివ్వాలి. ఇవ్వనివాళ్ళకి వచ్చేసారి నీళ్ళు లేవు. ఆవిడ మాటకి ఆ వీధిలో తిరుగులేదు.

“మామ్మా, నువ్వు కాసేపు కూర్చో,” అని లహరి బోర్డు మీదికి వంగింది. “సత్యారావు గారూ, ఇక్కడ ఐ ఉంది. దాని ముందు జాగా ఖాళీ. క్యూ నా దగ్గరుంటే అక్కడ పెట్టి ‘చీ’ అనేదాన్ని.”

“చీ ఏంటే, పెద్దవాళ్ళ ముందు!” అంది మామ్మ.

“చైనా మాట మామ్మా. ప్రాణశక్తి అని అర్థం. ఇదిగో, ఇక్కడ ఏ, టీ పక్కపక్కనే ఉన్నాయి. వాటి ముందు క్యూ పెడితే ‘ఖాట్’. అరబ్బు దేశాల్లో నమిలే ఆకు. పాయింట్లు వచ్చే బిళ్ళని చున్నీలో ఎందుకు దాస్తాను?”

ధనరాజు పకపకా నవ్వాడు. “క్యూ పక్కన యు లేకుండా మాటేంటమ్మా? ఇందాక కూడా ‘జా’ అని పెట్టి, పిజ్జా అంది. అమెరికావాళ్ళకి పిజ్జా అని పూర్తిగా అనడానికి కూడా టైం లేదా?”

జనం నవ్వారు. సత్యారావు నవ్వలేదు. డిక్షనరీ తిరగేసి, రెండు మాటలూ ఉన్నాయని తల ఊపాడు. “సరే. మరి బిళ్ళ ఏమైనట్టు?”

“ఆట మధ్యలో నీళ్ళొచ్చాయి కదా,” అంది లహరి. “‘పానీ ఆ గయా’ అని కేక వినపడగానే మీతో సహా అందరం బకెట్లు పట్టుకుని పరిగెత్తాం. అప్పుడు బల్ల దగ్గర ఎవరున్నారు?”

ఎవరూ లేరన్నారు అందరూ. అప్పలకొండమ్మ అందరికంటే గట్టిగా అంది.

గోడ గడియారం మూడూ యాభై చూపించింది. సత్యారావు ఫోను చేతిలోకి తీసుకున్నాడు.

అప్పుడే తడి చీరతో గవరమ్మ లోపలికొచ్చింది. పక్కింటావిడ.

“అప్పలకొండమ్మత్తా, ఇదిగో నీ పదో నంబరు. ఈసారి ఇంత చిన్నది ఇచ్చావేంటి? బకెట్లో పడితే వెతకలేక చచ్చాను.”

ఆమె అరచేతిలో క్యూ బిళ్ళ ఉంది. అక్షరం కింద, మూలగా, చిన్న పది అంకె.

తలలన్నీ ఈసారి అప్పలకొండమ్మ వైపు తిరిగాయి.

“అలా చూస్తారేం?” అంది అప్పలకొండమ్మ, కొంగు సర్దుకుంటూ. “టోకెన్లు ఇక్కడే మరిచిపోయానని వచ్చాను. చూస్తే బల్ల మీద పది! పోయిందనుకున్నది దొరికిందనుకున్నాను. ఇంగ్లీషు రాదు గానీ నంబర్లు రావా నాకు? ఆ పెద్ద సున్నాకి తోకెందుకుందా అని అనుమానం మాత్రం వచ్చింది.”

“దేఖా!” ధనరాజు ఎగిరాడు. “మామ్మా మనవరాలూ కలిసి చేసిన పని! పేరు నాదే పంపండి!”

లహరి బుర్ర పరిగెత్తుతోంది. తన స్టాండు మీద క్యూ ఎప్పుడూ లేదు. అందరూ నీళ్ళకి పరిగెత్తినప్పుడు ఆట సంచి మూతి కట్టే ఉంది.

“మామ్మా, బల్ల మీద ఎక్కడ తీశావు?”

“స్టాండు మీద. బిళ్ళలన్నీ బుద్ధిగా వరసగా నిలబడి ఉన్నాయి.”

“ఎవరి స్టాండు? బాగా గుర్తు తెచ్చుకో. తిరిగొచ్చాక ఏడు బిళ్ళలకి ఆరే ఉంటే, ఒకటి పోయిందని ఎవరైనా అరుస్తారు. నాతో ఆడినాయన అరవలేదు. పనికిరాని క్యూ పోయిందని సంబరపడి, సంచిలోంచి గప్‌చుప్‌గా ఇంకోటి తీసుకున్నాడు. ఆఖర్లో ఆ నింద నా మీద వేశాడు!”

ధనరాజు భుజం మీది తువ్వాలు మెల్లగా లాగి వీపు వెనక దాచుకోబోయాడు.

“కిటికీ పక్క కుర్చీ,” అంది అప్పలకొండమ్మ. “మనిషి లేడు గానీ కుర్చీ మీద తువ్వాలు వేసుంది. ఆకుపచ్చది. అదిగో, అదే!” గాజులు గలగలమనేలా చెయ్యి చాచింది. “ధనరాజు!”